తాలింపు లేని ఊరు

మా ఇల్లు ఒకటి కాదు, రెండని సైన్సు తేల్చిన రోజున నేను చేసినవి తోటకూర పప్పూ, చారూ.

"ఇవాళ పోపు ఎన్నిసార్లు పెట్టావు?" అంటూ మా ఆయన కామేశం లేబొరేటరీలోంచి తిన్నగా వంటింట్లోకి వచ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా వంట గురించి అడిగిన మొదటి ప్రశ్న అది. సంతోషించబోయాను.

"పప్పుకొకసారి, చారుకొకసారి. ఎందుకూ?"

"అదీ సంగతి! అందుకే తెర మీద మన క్వార్టర్సు రెండు కాపురాలుగా పడింది. రెంటికీ కలిపి ఒకేసారి పెట్టెయ్యకూడదూ, వకుళా?"

"పప్పుకి వెల్లుల్లి, చారుకి ఇంగువ. కలిపితే మీరే తినరు."

"సైన్సు కోసం తింటాను."

తిన్నారు, రెండు ముద్దలు. మర్నాటికల్లా లెక్కే మార్చేశారు. ఒకే చోట గంటలోపు ఎన్ని పోపులు పడ్డా అవన్నీ ఒకే ఇంటివి. తన నాలుక దాకా వచ్చేసరికి సైన్సు ఎంత చప్పున దిద్దుకుంటుందో ఆ రోజే చూశాను.

మేముండే లోయని ఊళ్లో వాళ్లు ముసురుగెడ్డ అంటారు. టూరిజం వాళ్లు మేఘలోయ అని పేరు మార్చారు. ముసురు అదే, గది అద్దె మాత్రం పెరిగింది. చుట్టూ కొండలు, వాటి మీంచి పాలపొంగులా దిగే మబ్బు, పసుపు పూల చేలు. చూడగానే ఎవరికైనా ఇక్కడో ఇల్లు కట్టుకోవాలనిపిస్తుంది. అందరికీ అనిపించింది, అదే తంటా. కొండల్ని తొలిచి కట్టుకుంటూ పోతే ఒక వానాకాలంలో సగం వాలు జారి రోడ్డు మీద కూర్చుంది. అప్పుడు లోయ సంరక్షణ మండలి అని ఒకటి పెట్టి, ఈ లోయ పన్నెండు వందల కాపురాలకి మించి మొయ్యలేదని చట్టం చేశారు. మించితే ఆఖరున వచ్చినవాళ్లు ముందు వెళ్లాలి.

ఎవరు ముందు, ఎవరు ఆఖరు అన్నది ఎలా తెలియాలి? కాగితాలు చూద్దామంటే ప్రతివాడి దగ్గరా తాతల నాటి పట్టా ఉంది, సిరా మాత్రం తడిగా ఉంది. పైనుంచి ఫొటోలు తీద్దామంటే కప్పులే కనిపిస్తాయి, కింద మనుషులున్నారో గొర్రెలున్నాయో తెలియదు. అక్కడే మా ఆయన అవసరం పడింది. ఆయనకి బూజు అంటే ప్రాణం. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మెత్తబడిన ఆవకాయ జాడీ పారబోయబోతే, లాక్కుని తీసుకెళ్లి దానికో పేరు పెట్టిన మనిషి.

మండలి ప్రత్యేకాధికారి చక్రపాణి గారు మొదటిసారి వచ్చినప్పుడు మా ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. నా పోపుల డబ్బాలోంచి చెంచాడు ఆవాలు తీసుకుని ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. గాజు పళ్లెంలో మట్టి, మట్టి మీద మీగడలా తెల్లటి బూజు పొర. పక్కనే గరిటెలో నూనె కాచి ఆవాలు వేశారు. చిటపటలాడాయి. ఆ ఘాటు తగలగానే తెల్లపొర అంచులు, తలుపు సందున వేలు పడ్డట్టు చటుక్కున ముడుచుకున్నాయి. గోడ మీది తెరలో చిన్న దీపం వెలిగింది.

"ఆవ ఘాటు దీనికి పడదు. ముడుచుకున్నప్పుడల్లా దీని పోగుల్లో సన్నటి కరెంటు పుడుతుంది," అన్నారు మా ఆయన. "దీన్ని లోయంతా నేలలో పాకిస్తాను. ఇక్కడ ముసురుకి పొగ పైకి పోదు, నేల మీదే పాకుతుంది. రోజూ పోపు పడేచోట రోజూ దీపం వెలుగుతుంది. కప్పున్నంత మాత్రాన ఇల్లు కాదు కదండీ? పోపు పడితే ఇల్లు."

చక్రపాణి గారు తుమ్మి, కళ్లు తుడుచుకుని, "లంచం తినదు కదా?" అని అడిగారు.

"కుళ్లినవన్నీ తింటుంది. అదొక్కటే తినదు."

"అయితే ఇదే ఆఖరి సాక్ష్యం. మనుషుల మాట ఇక చెల్లదని చట్టంలో రాయించేస్తాను. మనుషుల్ని కొనెయ్యొచ్చు."

"సరిగ్గా చెప్పారు," అన్నారు మా ఆయన. నేను కాఫీ కప్పులు తీసుకెళ్లాను.

మొదటి రెండు నెలలూ పండగే. కోట్లు పెట్టి కట్టిన బంగళాలు తెర మీద చీకటిగా ఉండిపోయాయి. శనివారం కారులో వచ్చి, బయటినుంచి బిరియానీ తెప్పించుకుని, ఆదివారం వెళ్లిపోయేవాళ్ల ఇళ్లవి. కాపురం లేదన్న కారణంతో కొన్నిటికి తాళాలు పడ్డాయి. పేపర్లో మా ఆయన ఫొటో వేశారు, కింద పేరు మాత్రం చక్రపాణి గారిది.

డబ్బున్నవాళ్లు ఎంతసేపు చీకట్లో ఉంటారు? మూడో నెలకల్లా బంగళాలకి పోపు మనుషులు కుదిరారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి వచ్చి, తాళం తీసి, నూనె కాచి, ఆవాలు చిటపటలాడించి, దాన్ని మొక్కల్లో పారబోసి, తాళం వేసి వెళ్లిపోవడం. తినేవాళ్లు లేని పోపు! బూజు పాపం నమ్మేసింది. పన్నెండు వందల దీపాలూ నిండుగా వెలిగాయి.

ఒకరోజు పోస్టుమాస్టారి ఇల్లు తెర మీదినుంచి మాయమైపోయింది.

"నిన్నటిదాకా ఉంది. ఖాళీ చేసి వెళ్లారంటావా?" అన్నారు మా ఆయన.

"వాళ్ల నాన్నగారు పోయారు. మైల రోజుల్లో పోపు పెట్టుకోరు కదండీ. పలకరించడానికి వెళ్దాం, రండి."

"ఓ, అదా!" అని ఆయన చాలా తేలికపడ్డారు. పలకరింపుకి రాలేదు గానీ, పదిహేను రోజులు దీపం లేకపోయినా ఇల్లు ఇల్లుగానే ఉండేలా లెక్క సవరించారు. చావుకి సైన్సు ఇచ్చిన గడువు అది. పోపు పెట్టని ఇల్లు కూడా ఉంటుందన్న సంగతి ఆ రోజు మా వంటింటి గుమ్మం దాకా వచ్చి, మేం తలుపు తియ్యలేదని వెళ్లిపోయింది.

మళ్లీ అది వచ్చింది గాసమ్మతో.

గాసమ్మది జోడుగెడ్డ. లోయకి తూర్పున, గట్టు వెనక ఉన్న కొండవాళ్ల గూడెం. వారం వారం సంతకి అల్లం, గుమ్మడికాయలు తెచ్చి, మిగిలినవి మా ఇంట్లో దింపి వెళ్తుంది. ఆ వారం బుట్ట ఖాళీగా తెచ్చింది.

"అమ్మగోరూ, మా గూడెం మొగదల బోర్డు పాతినారు. సదువుకున్న గుంటడొకడు సదివి సెప్పినాడు. అక్కడ ఎవులూ నేరట. కాళీ జాగా అట. పెద్ద ఓటేలు కడతారట."

"ఎవరూ లేకపోవడమేమిటి? బోర్డు పాతేవాడికి మీరు కనపడలేదా?"

"కనబడినాం. మా ఇంటికాడే మంచినీల్లు తాగినాడు. తాగీసి, 'నాకేటి తెల్దు, మిసన్ల మీరు నేరు' అన్నాడు." నా ముఖంలోకి చూసింది. "ఆ మిసను బాబుగోరిదేనట కదా?"

ఆ మధ్యాహ్నమే ఆమెతో బయలుదేరాను. జీపు కల్వర్టు దగ్గర ఆగిపోయింది. అక్కణ్ణుంచి నడక. ఎర్రమట్టితో నున్నగా అలికిన గోడలు, తల వంచితే గానీ దూరలేని చూరు, ముప్పై చిల్లర ఇళ్లు. పిల్లలు, కోళ్లు, అరుగు మీద చుట్ట కాలుస్తున్న గాసమ్మ ముసలి మామ బుదరయ్య. ఎవరూ లేని ఊరికి అది చాలా రద్దీగా ఉంది.

తినకుండా పంపరు కదా. సామల అన్నం, కందులూ అల్లమూ పచ్చిమిరపకాయలూ కలిపి ఉడికించిన పులుసు, వెదురు కొమ్ముల కూర పెట్టింది. రుచిగా ఉంది. కానీ ఏదో లేదు. రెండో ముద్దకి తెలిసింది.

"గాసమ్మా, పోపు పెట్టవా?"

"పోపంటే ఏటి?"

"తాలింపు. నూనెలో ఆవాలు వేసి..."

"ఎందుకమ్మా? ఉడికీసింది కదా!" అంది. "నూనె తలకి రాత్తాం. కూరల పోత్తారేటి?"

గబగబా తినేసి లేచాను. ఊరంతా తిరిగి పొయ్యిల్లోకి తొంగి చూశాను. ఒక్క ఇంట్లోనూ మూకుడు లేదు. కుండలు మాత్రమే. ఆ ఊళ్లో పొగ ఉంది, పిల్లల ఏడుపు ఉంది, పచ్చబొట్ల ముసలమ్మలున్నారు. చిటపట మాత్రం ఎన్నడూ లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయనకి దారి తోచనప్పుడు చేసే పని అది.

"పోపు లేకుండా వంటేమిటి? అసాధ్యం. మనదేశంలో..."

"మనదేశంలో అనకండి. మీ బూజుకి తెలిసింది మీ అమ్మగారి వంటిల్లు. అంతకు మించి దానికి దేశం తెలియదు."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. తర్వాత చొక్కా వేసుకుని, "పద, చక్రపాణి గారి దగ్గరికి వెళ్దాం," అన్నారు. మా ఆయన మంచివారు కాదని నేనెప్పుడూ అనలేదు.

చక్రపాణి గారు అంతా ఓపిగ్గా విన్నారు. బిస్కెట్లు పెట్టించారు.

"నేను కాదనడం లేదు, డాక్టరుగారూ. ఉండే ఉంటారు. కానీ ఉన్నారని మీ యంత్రం చెప్పాలి గానీ మీరు చెబితే ఎలా? మనిషి సాక్ష్యం చెల్లదని మీరే కదండీ మీ లేబొరేటరీలో నిలబడి చెప్పారు?"

"కొనెయ్యొచ్చని మీరన్నారు. నేను సరేనన్నాను."

"అదే కదా సంతకం అంటే," అని నవ్వారు. "అక్కడ పాకలున్నాయి, ఒప్పుకుంటాను. కాపురాలు లేవు. యంత్రంలో కనబడమనండి. అప్పుడు నేను మీ వైపే."

ఈ మాటే మర్నాడు గాసమ్మకి చెప్పాను. ఆమె ఇక లేవాలి అన్నట్టు మోకాళ్ల మీద చేతులు వేసుకుంది.

"అంటే ఆ ఆవాలేవో మా ఇళ్లకాడ పేలితే మేం ఉన్నట్టేనా?"

"అంతే."

"అంతే అయితే అంతసేపేటి? సేసీద్దుం."

మా ఆయనే సంతలో ఆవాల బస్తా కొని జీపులో వేశారు. పక్కన నూనె డబ్బాలు, నా పాత మూకుళ్లు, గరిటెలు. జోడుగెడ్డ ఆడవాళ్లందరూ గాసమ్మ వాకిట్లో చేరారు. నేను పొయ్యి ముందు కూర్చుని నేర్పాను. నూనె కాగాలి, పొగ రాకూడదు, ఆవాలు వెయ్యాలి, మూత పట్టుకోవాలి. మొదటి మూకుడు చిటపటమనగానే చంటిపిల్లలు కెవ్వుమన్నారు, కోళ్లు చూరెక్కాయి. ఒకామె గరిటె అక్కడే పారేసి పారిపోయింది.

"ఓలమ్మో, కంట్ల పడ్డాదే!"

"ఓలే, మూతెట్టు, మూతెట్టు!"

అరుగు మీంచి బుదరయ్య దగ్గుతూ, "ఈ గాటుకి దెయ్యాలు పారిపోతాయి గాని, మడుసులు ఉన్నట్టెలా తెలుత్తాదే?" అన్నాడు.

"నువ్వు దగ్గుతన్నావు కదా మావా, దాన్ని బట్టి తెలుత్తాది," అంది గాసమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పోపు పులుసులో కలిపి రుచి చూసిన గాసమ్మ మాత్రం ముఖం పక్కకి తిప్పుకుని, నాకు కనపడకుండా ఉమ్మేసింది. తర్వాత వాళ్లు పోపు విడిగా పెట్టి పారబొయ్యడం మొదలుపెట్టారు, బంగళాల వాళ్లలాగే.

కొండల మీంచి ముసురు దిగింది. ఆ పొగని గడప గడపకీ నేల మీద అద్దుకుంటూ పోయింది. సాయంత్రం లేబొరేటరీలో తెర ముందు నిలబడ్డాం. గట్టు వెనక, ఎప్పుడూ నల్లగా ఉండేచోట ముందు ఒక దీపం వెలిగింది. అది గాసమ్మదే అయి ఉంటుంది, ఆవిడకి ఆగదు. తర్వాత రెండు, నాలుగు. తర్వాత ఊరంతా.

మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "వకుళా, ఉన్నారు," అన్నారు, తానే కొత్తగా కనిపెట్టినట్టు.

"ఉన్నారండీ," అన్నాను.

ఆ వారం చివర చక్రపాణి గారు కబురు పెట్టారు. ఈసారి బిస్కెట్లు లేవు. టేబుల్ మీద మా ఆయన తెర తాలూకు రెండు ఫొటోలు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. ఒకదానిలో గట్టు వెనక చీకటి, రెండోదానిలో దీపాలు.

"డాక్టరుగారూ, మీ యంత్రం అద్భుతం. ఇంత ఆక్రమణ ఒక్క సాయంత్రంలో జరిగితే వెంటనే పట్టేసింది."

"ఆక్రమణేమిటండీ? వాళ్లు తరతరాలుగా అక్కడే ఉన్నారు!"

"ఉంటే ఇన్నాళ్లూ చీకటెందుకుంది? పోయినవారం దాకా లేరు. ఇప్పుడున్నారు. అంటే పోయినవారం వచ్చారు. లోయ ముందే నిండిపోయింది, వీళ్లు దాని మీద అదనం. ఆఖరున వచ్చినవాళ్లు ముందు వెళ్లాలి. చట్టం నేను రాయలేదు."

"మీరే రాయించారు!"

"మీరు కాదనలేదు."

నేనాగలేకపోయాను. "చక్రపాణి గారూ, ఆ బంగళాల్లో పోపులు పెట్టించి పారబోస్తున్నారు. ఒక్కడూ తినడు. అవి కాపురాలా?"

"అమ్మా, తింటున్నారా లేదా అన్నది యంత్రం అడగదు కదా? రేపు మీ ఇంట్లో పోపు పెట్టి తినకపోతే మిమ్మల్ని ఖాళీ చెయ్యమంటామా?" అని చాలా మర్యాదగా అన్నారు. "అసలు వాళ్లు పోపు పెట్టకుండా ఉండి ఉంటే మనకీ తలనొప్పి ఉండేది. ఖాళీ జాగాలో పాకలు తియ్యాలంటే కోర్టులో ఎవరో ఒకరు అడుగుతారు. ఇప్పుడు ఆధారం ఉంది. మీరు శ్రమపడి తెచ్చారు."

మా ఆయన కళ్లజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. తుడిచే కొద్దీ అది ఇంకా మసకబారినట్టుంది.

జోడుగెడ్డ వాళ్లని పంట కోతలు కాగానే లారీలెక్కించారు. పల్లంలో కాలనీ కట్టించారు. ప్రతి ఇంటికీ గ్యాసు గట్టు, చిమ్నీ, పోపుల డబ్బా పెట్టుకోవడానికి గూడు. బుదరయ్య మొదటి ఎండాకాలం దాటలేదు. వడదెబ్బ అని రాశారు. ముసురులో పుట్టిన మనిషికి పల్లంలో ఇంకేం తగులుతుంది?

లారీలు వెళ్లిన రోజు మా ఆయన లేబొరేటరీలో అన్ని దీపాలూ ఆర్పేశారు, ఒక్క తెర తప్ప. దాన్ని ఆర్పే అధికారం ఆయనకి లేదట. "యంత్రం అబద్ధం చెప్పలేదు, వకుళా," అన్నారు ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని.

"లేదండీ. మనం ఏది ఇల్లంటే అది లెక్కపెట్టింది."

ఆయన తినకుండా లేచారు. తర్వాత చాలా ఉత్తరాలు రాశారు, లెక్కలో సవరణ కావాలని. తన నాలుక కోసం ఒక్క రాత్రిలో చేసిన సవరణ, చావు మైల కోసం ఒక్క పూటలో చేసిన సవరణ. ఇప్పుడది మండలి ఆమోదం లేకుండా చెయ్యకూడదట. యంత్రం చట్టంలో భాగమైపోయింది కదా మరి. ఆమోదానికి బదులు ఢిల్లీ నుంచి బహుమతి వచ్చింది. శాలువా బీరువాలో ఉంది. దానికీ బూజు పట్టింది, నేను దులపలేదు.

గట్టు వెనక కట్టిన రిసార్టు తెరిచాక మమ్మల్ని ప్రత్యేకంగా పిలిచారు. మా ఆయన రానన్నారు. నేనే వెళ్లాను, చూడాలని. కల్వర్టు దగ్గరినుంచి ఇప్పుడు రాళ్లు పరిచిన బాట, గేటు, టికెట్టు. పెద్ద వంటశాల పొగని గొట్టంలోంచి గట్టు మీదుగా ముసురు పైకి వదిలేస్తారట. నేలకి తగలదు. అన్ని గదులున్న రిసార్టు మా ఆయన తెర మీద ఒక్క ఇల్లుగా కూడా పడదు. అక్కడి మేనేజరు గర్వంగా చెప్పాడు, "మేడం, మా వల్ల లోయకి సున్నా భారం."

గదులు దాటి లోపలికి వెళ్తే జోడుగెడ్డ. అవే ఎర్రమట్టి గోడలు, అదే చూరు, కొత్తగా అలికినవి. 'కొండ జీవితం' అని పలక. ఒక ఇంటి అరుగు మీద గాసమ్మ సామలు దంచుతోంది. పువ్వుల చీర కట్టించారు, అది ఆమెది కాదు.

"గాసమ్మా! కాలనీ నుంచి ఎప్పుడొచ్చావు?"

"కొలువులోకి తీసుకున్నారమ్మగోరూ. కొందరం వొచ్చీసినాం. మా ఇళ్లల్లోనే ఉండమన్నారు. పొద్దూకులా వండుకోమన్నారు, సూసీవోలు సూత్తారట." రోకలి ఆపి నా వైపు చూసింది. "ఒకటే సెప్పినారు. తాలింపెయ్యొద్దన్నారు. ఎత్తే మళ్లీ లారీ అట."

ముందుకు నడిచాను. పక్కన కూర్చుందామంటే అరుగు ముందు తాడు కట్టి ఉంది.

"ఎలా ఉన్నావు?" అన్నాను చివరికి. అంతకన్నా పనికిమాలిన ప్రశ్న నాకు దొరకలేదు.

"ఉన్నానేటమ్మా! మేం మళ్లీ మిసన్ల నేము," అంది గాసమ్మ, నెమ్మదిగా, కోపం లేకుండా. "నేకపోతేనే ఉండనిత్తన్నారు."

నా వెనక ఎవరో దంపతులు ఫోను పట్టుకుని నిలబడ్డారు. ఇల్లు చాలా అందంగా ఉందని అనుకుంటున్నారు. ఆ భార్య చెయ్యి ఊపి, గాసమ్మని కాస్త పక్కకి జరగమని చెప్పమని నన్నడిగింది. ఫొటోలో ఇల్లు ఒక్కటే పడితే బాగుంటుందట.

నేను చెప్పలేదు. గాసమ్మకే అర్థమైంది. రోకలి తీసుకుని పక్కకి జరిగింది.